కాలు తీయడమూ రేసింగే: ఆన్‌లైన్ స్టాక్ కార్ పోటీల్లో ఓపిక, మర్యాద

ఆన్‌లైన్ స్టాక్ కార్ రేసింగ్‌లోకి, అంటే మామూలు కార్ల రూపంలో ఉండే రేసు కార్లతో కంప్యూటర్ మీద ఆడే పోటీల్లోకి, కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటిరోజే ఒక సలహా అందుతుంది: "కాస్త ఓపిక పట్టు." ఎందుకు పట్టాలి, ఎక్కడ పట్టాలి, ఎంతసేపు పట్టాలి అన్నది మాత్రం విడమరిచి చెప్పేవాళ్ళు తక్కువ. అందుకే రేసు మొదలెట్టమని గ్రీన్ ఫ్లాగ్ ఊపగానే ఆ సలహా గాలికి పోతుంది. రెండో మలుపు దాటేలోగా ఏడెనిమిది కార్లు గోడకి గుద్దుకుని ఉంటాయి. ఈ ఆటలో ఓపికని మంచితనం కింద కాకుండా పనితనం కింద లెక్కెయ్యాలని నా అభిప్రాయం. బ్రేకు ఎక్కడ వెయ్యాలో నేర్చుకున్నట్టే, యాక్సిలరేటర్ మీంచి కాలు ఎప్పుడు తియ్యాలో కూడా నేర్చుకోవాలి. ఇక మర్యాదంటే, మరుక్షణం మనం ఏం చెయ్యబోతున్నామో చుట్టూ ఉన్నవాళ్ళకి ముందే తెలిసేలా నడపడం. కార్ల మధ్య జానెడు దూరం కూడా లేని చోట దీన్ని మించిన రక్షణ లేదు.

ఈ పోటీలకి ఇవాళ ప్రధాన వేదిక ఐరేసింగ్. 2008లో మొదలైంది. దాన్ని స్థాపించినవారిలో ఒకరైన డేవ్ కేమర్ అంతకుముందు పపైరస్ అనే సంస్థలో నాస్కార్ (అమెరికాలో స్టాక్ కార్ పోటీలు నడిపే సంస్థ) రేసింగ్ ఆటలు తయారుచేసినవాడు. అసలు ట్రాకుల్ని లేజర్‌తో కొలిచి, గతుకులతో సహా తెర మీదికి దించడం వీళ్ళ ప్రత్యేకత. అమెరికాలో నిజంగా ఉన్న ఓవల్ (కోడిగుడ్డు ఆకారపు) ట్రాకులే ఇక్కడా ఉంటాయి. టాలడేగా చుట్టుకొలత 2.66 మైళ్ళు, మలుపుల దగ్గర రోడ్డు 33 డిగ్రీలు వాలి ఉంటుంది. మార్టిన్స్‌విల్ చుట్టుకొలత 0.526 మైళ్ళే, దాదాపు చదునుగా ఉంటుంది. మొదటిదాంట్లో బ్రేకు అవసరమే రాదు, రెండోదాంట్లో బ్రేకులు కాలిపోతాయి. రెండుచోట్లా ఓపిక కావాలి గానీ, అది ఒకే రకం ఓపిక కాదు.

ఒకే రేసు, ఎవరి తెర వాళ్ళది

ఆన్‌లైన్ రేసుకీ అసలు రేసుకీ ఉన్న పెద్ద తేడా చాలామంది గమనించరు. అసలు ట్రాకు మీద నలభై కార్లుంటే నలభై కార్లే. ఆన్‌లైన్‌లో నలభై మంది ఆడుతుంటే, ఎవరి కంప్యూటర్లో వాళ్ళకి కొద్దికొద్దిగా తేడాగల నలభై రేసులు జరుగుతుంటాయి. మీ కారు మీ తెర మీద కచ్చితంగా ఉన్నచోటే ఉంటుంది. పక్కవాడి కారు మాత్రం కొన్ని మిల్లీసెకన్ల కిందట ఎక్కడుందో ఆ సమాచారం సర్వర్ మీదుగా మీకు చేరుతుంది. మధ్యలోని ఖాళీని సాఫ్ట్‌వేర్ ఊహతో నింపుతుంది: ఈ కారు ఈ వేగంతో ఈ దిశలో పోతోంది కాబట్టి ఇప్పుడు ఇక్కడుండాలి అని లెక్కగడుతుంది.

టాలడేగాలో గంటకి 190 మైళ్ళ వేగమంటే సెకనుకి దాదాపు 85 మీటర్లు. సమాచారం అందడానికి సెకనులో పదోవంతు పట్టిందనుకుంటే ఆలోగా కారు ఎనిమిదిన్నర మీటర్లు ముందుకెళ్ళిపోతుంది. స్టాక్ కారు పొడవు ఐదు మీటర్లకి అటూఇటూ. అంటే మీరు చూస్తున్న కారు స్థానం, దాని అసలు స్థానానికి ఒకటిన్నర కారు పొడవు దూరంలో ఉండాలి. అయినా తెర మీద అంతా సజావుగానే కనిపిస్తుంది, ఎందుకంటే కార్లు నిలకడగా పోతున్నంతసేపూ సాఫ్ట్‌వేర్ ఊహ దాదాపు తప్పదు.

తప్పేది ఎవరైనా ఉన్నట్టుండి స్టీరింగ్ విదిల్చినప్పుడు, నడిమధ్యలో బ్రేకు నొక్కినప్పుడు. ఆ కుదుపు సంగతి మీ కంప్యూటర్‌కి చేరేలోగా అది పాత ఊహనే చూపిస్తుంటుంది. సమాచారం రాగానే ఆ కారు ఒక్కసారిగా పక్కకి జరిగినట్టు కనిపిస్తుంది. ఒక్కోసారి అవతలివాడి తెర మీద రెండు కార్ల మధ్య అడుగు ఖాళీ ఉంటుంది, మీ తెర మీద మాత్రం డొక్కలు రాసుకుపోతాయి. "నన్ను గుద్దావు", "నేను నిన్ను తాకనే లేదు" అని మొదలయ్యే గొడవల్లో చాలావాటికి మూలం ఇదే. తమాషా ఏమిటంటే ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

మెత్తగా నడపాలని సీనియర్లు పట్టుబట్టడానికి కారణం ఇక్కడుంది. అసలు ట్రాకు మీద మెత్తదనం టైర్లని కాపాడుతుంది. ఆన్‌లైన్‌లో దాంతోపాటు మీరు అందరి తెరల మీదా ఒకేచోట కనిపించేలా చేస్తుంది. ఇంటర్నెట్ అంతంతమాత్రంగా ఉన్నవాళ్ళు, వేరే ఖండం నుంచి ఆడుతున్నవాళ్ళు పక్కన ఉంటే ఇంకో అర కారు వెడల్పు వదలడం మంచిది. ఆ మాటకొస్తే, మన కనెక్షనే తడబడుతున్నప్పుడు కార్ల మధ్యలోకి దూరకుండా వెనక నిదానంగా పోవడం కూడా ఇతరుల పట్ల మర్యాదే. దీని గురించి మాట్లాడేవాళ్ళే లేరు.

గ్రీన్ ఫ్లాగ్ దగ్గర కిక్కిరిసే వరస

ప్రమాదాలు ఎక్కువగా జరిగేది స్టార్ట్ దగ్గర, కాషన్ (ప్రమాదం జరిగినప్పుడు అందర్నీ నెమ్మదిగా నడిపించే సమయం) తర్వాత వచ్చే రీస్టార్ట్‌ల దగ్గర. దీనికి దురుసుతనం ఒక్కటే కారణం కాదు. ముందున్న లీడర్ యాక్సిలరేటర్ తొక్కుతాడు. రెండోవరసవాడు అది చూసి తొక్కేసరికి కొంత ఆలస్యం. మూడోవరసవాడికి ఇంకొంత. పదిహేనో వరస దగ్గరికి వచ్చేసరికి లీడర్ మొదటి మలుపులో ఉంటాడు, వీళ్ళింకా గేరు మారుస్తుంటారు. ఇలా సాగిన వరస మొదటి మలుపు దగ్గర మళ్ళీ ముడుచుకుంటుంది, ముందువాళ్ళు కాలు తీస్తారు కాబట్టి. మధ్యలో ఒకడు తడబడ్డాడా, వెనకున్న ఐదారుగురు ఒకరి మీదికొకరు ఎక్కేస్తారు.

రీస్టార్ట్ సమయంలో ముందు కారు బంపర్‌ని మాత్రమే చూస్తూ తొక్కేవాడికి ఈ ముడుచుకోవడం కనపడదు. చూడాల్సింది రెండుమూడు కార్ల ముందున్న దాన్ని. అక్కడ కారు ముక్కు కిందికి వంగిందంటే ఎవరో కాలు తీసినట్టు. ఆ క్షణంలో మీరూ కాస్త తీస్తే, మీ ముందువాడు తీసేసరికి మీ మధ్య జాగా ఉంటుంది. పైగా అప్పటికి టైర్లు చల్లగా ఉంటాయి, పట్టు పూర్తిగా రాదు. పదో ల్యాప్‌లో (చుట్టులో) నిక్షేపంగా తిరిగే మలుపులో మొదటి ల్యాప్‌లో కారు వెనక భాగం జారిపోతుంది. మొదటి రెండు ల్యాపుల్లో చోటు సంపాదించుకున్నవాళ్ళు లేరని కాదు. కానీ సాధారణంగా ఆ రెండు ల్యాపులు క్షేమంగా దాటినవాడికి, ముందు జరిగిన ప్రమాదాల పుణ్యమా అని నాలుగైదు స్థానాలు ఊరికే కలిసొస్తాయి.

ఎవరు వదలాలి, ఎప్పుడు వదలాలి

నాకు బాగా ఇష్టమైన విషయం ఇది. స్టాక్ కార్ ఓవల్ రేసుల్లో ఉన్న అలిఖిత ఒప్పందం, ఇంగ్లీషువాళ్ళు గివ్ అండ్ టేక్ అనుకునేది. రేసు తొలి భాగంలో వెనకనుంచి వచ్చినవాడు స్పష్టంగా వేగంగా ఉంటే దారివ్వడం, ఆ తర్వాత మనం వేగంగా ఉన్నప్పుడు అతను మనకి దారివ్వడం.

ఒక ఉదాహరణ చూద్దాం. షార్లట్‌లో, ఒకటిన్నర మైళ్ళ ట్రాకు మీద అరవై ల్యాపుల రేసు. ఐదో ల్యాప్‌లో వెనకవాడు మీకంటే ల్యాపుకి రెండు పదోవంతుల సెకను వేగంగా వస్తున్నాడు. మీరు పంతానికి పోయి లోపలి లైను మూసేశారు. అతను బయటి లైన్లోకి వెళ్ళాడు. ఇద్దరూ పక్కపక్కన నాలుగు ల్యాపులు తిరిగారు. పక్కపక్కన తిరుగుతుంటే ఇద్దరికీ మంచి లైను దొరకదు, ఇద్దరూ ముందుగా కాలు తియ్యాలి, టైర్లు కూడా ఎక్కువ అరుగుతాయి. ల్యాపుకి మూడు పదోవంతులు పోయాయనుకున్నా నాలుగు ల్యాపులకి 1.2 సెకన్లు. ముందున్న గుంపు చేజారింది, వెనకున్న గుంపు మీద పడింది. ఒక స్థానం కాపాడుకోబోయి మీరు ఐదుగురి మధ్యలో చిక్కుకున్నారు.

అదే, మూడో మలుపు తర్వాత కొద్దిగా పైకి జరిగి లోపలి లైను వదిలేసి ఉంటే? అతను ఒక్క మలుపులో దాటేస్తాడు, మీరు అతని వెనక డ్రాఫ్ట్‌లో, అంటే అతని కారు గాలిని చీల్చి ఇచ్చిన దారిలో, చేరతారు, ఇద్దరూ కలిసి ముందు గుంపుని అందుకుంటారు. ముప్ఫై ల్యాపుల తర్వాత అతని టైర్లు అరిగిపోతే ఆ స్థానం తిరిగి మీకే వస్తుంది. అప్పుడతను అడ్డుపడడు, ఎందుకంటే మీరు అడ్డుపడలేదని అతనికి గుర్తుంటుంది. డార్లింగ్‌టన్ లాంటి టైర్లు త్వరగా అరిగే ట్రాకుల మీద అనుభవజ్ఞులు కావాలనే మొదట నెమ్మదిగా పోతారు. మొదటి పది ల్యాపుల్లో వాళ్ళని దాటేసి సంబరపడినవాళ్ళు ఇరవయ్యో ల్యాప్ కల్లా మళ్ళీ వాళ్ళ వెనకే కనిపిస్తారు.

వదిలేటప్పుడు కూడా పద్ధతుంది. నడి మలుపులో ఉన్నట్టుండి కాలు తీస్తే వెనకవాడు వచ్చి గుద్దుతాడు. స్ట్రెయిట్ మీద ముందే ఒక లైను ఎంచుకుని అక్కడే ఉండాలి. ల్యాపు వెనకబడ్డ కార్లకైతే ఇది మరీ వర్తిస్తుంది. లీడర్ వస్తున్నాడని కంగారుపడి అటూ ఇటూ తిప్పేకంటే ఉన్న లైన్లోనే నిలకడగా పోవడం మేలు, దాటే బాధ్యత వెనకనుంచి వచ్చేవాడిదే. పిట్‌లోకి (టైర్లు మార్చి, ఇంధనం నింపే చోటుకి) వెళ్ళాలనుకున్నప్పుడు వాయిస్ చాట్‌లో ముందే ఒక మాట చెప్పి, ట్రాకు కిందికి దిగాకే వేగం తగ్గించడం కూడా ఈ కోవలోదే.

తాకకుండానే తిప్పెయ్యొచ్చు

కొత్తవాళ్ళకి అర్థంకాని మరో విషయం గాలి. ముందు కారుకి మరీ దగ్గరగా పోతే మన కారు ముందు భాగానికి తగలాల్సిన గాలి తగలదు, స్టీరింగ్ తిప్పినా కారు తిరగదు. ముందుకి, అంటే గోడవైపుకి తోసుకుపోతుంది. దీన్ని టైట్ అంటారు. కాబట్టి మలుపులోకి వెళ్ళేటప్పుడు అర కారు పక్కకి జరిగి గాలి అందేలా చూసుకోవాలి, లేదా కాస్త ముందుగా కాలు తియ్యాలి. తియ్యనివాడు ఎదుటి కారు వెనక బంపర్ మీద ఆగుతాడు.

దీనికి రెండోవైపు ఇంకా ప్రమాదకరం. ముందు కారు ఎడమ వెనక చక్రం దగ్గరికి మన ముక్కు చేరిందంటే దాని స్పాయిలర్ (వెనకుండే రెక్కలాంటి పలక) మీది గాలి చెదిరిపోతుంది. వెనక పట్టు పోయి అది లూజ్ అవుతుంది, ఒక్కోసారి గిర్రున తిరిగిపోతుంది. రీప్లేలో చూస్తే ఎక్కడా తాకి ఉండదు. "నేను తాకలేదు కదా" అన్న సమాధానం అప్పుడు సరిపోదు. మలుపు నడిమధ్యలో అవతలివాడు సగం జారుతూ ఉండగా అక్కడికి ముక్కు దూర్చడం మన నిర్ణయమే.

డేటోనా, టాలడేగా లాంటి పెద్ద ట్రాకుల్లో వెనకనుంచి నెట్టడం, అంటే బంప్ డ్రాఫ్ట్, ఆటలో భాగమే. నెట్టకపోతే మీ లైను ముందుకి పోదు. స్ట్రెయిట్ మీద బంపర్‌కి బంపర్ సరిగ్గా మధ్యలో ఆనాలి, మెల్లిగా ఆనాలి, మలుపు రాకముందే వదలాలి. మూలన ఆనిన బంపర్ ముందు కారుని తిప్పేస్తుంది, వెనకున్న ఇరవై కార్లకీ తప్పించుకునే దారుండదు. ముందు కారు కొద్దిగా ఊగుతోందంటే అతను తట్టుకోలేకపోతున్నాడని అర్థం, ఆ క్షణమే వదిలెయ్యాలి. మనకి మంచి ఊపు ఉన్నప్పుడు వదలడానికి మనసొప్పదు. అయినా ఇలా గుంపుగా పోయే ప్యాక్ రేసింగ్‌లో ఎవరు నమ్మదగినవాళ్ళో తేలేది ఆ క్షణంలోనే.

తప్పెవరిదైనా పాయింట్లు ఇద్దరికీ

ఐరేసింగ్‌లో ప్రతి పొరపాటుకీ ఇన్సిడెంట్ పాయింట్లు పడతాయి. ట్రాకు దాటితే 1, అదుపు తప్పినా గోడని గుద్దినా 2, ఇంకో కారుని గట్టిగా గుద్దితే 4. చాలా అధికారిక రేసుల్లో 17 చేరితే రేసు నుంచి తీసేస్తారు. అన్నిటికన్నా ఎక్కువమందికి ఒళ్ళు మండించే నియమం ఇంకోటుంది: రెండు కార్లు గుద్దుకుంటే తప్పెవరిదని చూడరు, నాలుగేసి పాయింట్లు ఇద్దరికీ పడతాయి.

అన్యాయమే కదా అనిపిస్తుంది. పది కార్ల ముందు ఎవడో తిరిగిపోతే, పొగలో దారి కనపడక వెళ్ళి గుద్దినవాడికి నాలుగు పాయింట్లేమిటి? ఆ బాధ నిజమైనదే. అయినా ఈ నియమం సరైందని నేను నమ్ముతాను. తప్పెవరిదో తేల్చే యంత్రం ఉంటే అందరూ తమ హక్కు కోసం నడుపుతారు: "లైను నాది, వాడే తప్పుకోవాలి" అని. ఈ పద్ధతిలో హక్కు నిరూపించుకున్నా లాభం లేదు కాబట్టి ప్రమాదం తప్పించడమొక్కటే లాభసాటి. ఎదుటివాడు పొరపాటు చేస్తాడేమో అని ముందే అనుకుని నడిపేవాడికే ఈ లెక్క కలిసొస్తుంది.

రేటింగులు రెండున్నాయని కూడా గుర్తుంచుకోవాలి. ఐరేటింగ్ అనేది ఎవర్ని ఓడించి ఎక్కడ ముగించామన్న దాన్నిబట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. సేఫ్టీ రేటింగ్ 0.00 నుంచి 4.99 వరకు ఉంటుంది, ఎన్ని మలుపులు తిరిగితే ఎన్ని ఇన్సిడెంట్లు అన్న సగటు మీద నడుస్తుంది. రూకీ నుంచి డి, సి, బి, ఎ లైసెన్సులకి ఎక్కాలంటే ఈ రెండోది కావాలి. వేగం ఉండీ కింది లైసెన్సులోనే సంవత్సరాల తరబడి ఉండిపోయేవాళ్ళు దీన్ని పట్టించుకోనివాళ్ళే. కింది స్థాయి రేసులు చిన్నవి, అందరికీ తొందరే, కాబట్టి అక్కడ ప్రమాదాలూ ఎక్కువ. పైకెక్కినకొద్దీ రేసు పొడుగవుతుంది, చుట్టూ ఉన్నవాళ్ళకి ఓపిక పెరుగుతుంది. ఓపిక ఉన్నవాళ్ళతో ఆడాలంటే ముందు మనకి ఓపిక ఉండాలన్నమాట.

మైకు, ప్రతీకారం

2020 మార్చిలో కరోనా వల్ల నాస్కార్ రేసులు ఆగిపోయినప్పుడు అసలు డ్రైవర్లే ఐరేసింగ్‌లో పోటీపడ్డారు, టీవీలో ప్రసారం కూడా అయింది. తొలి రేసు హోమ్‌స్టెడ్‌లో జరిగింది, డెన్నీ హామ్లిన్ గెలిచాడు. ఏప్రిల్‌లో బ్రిస్టల్ రేసులో బబ్బా వాలస్ విసుగొచ్చి మధ్యలోనే ఆట ఆపేసి వెళ్ళిపోయాడు. దాంతో ఒక స్పాన్సర్ అతన్ని వదిలేసింది. సరిగ్గా వారానికి కైల్ లార్సన్ మరో ఆన్‌లైన్ రేసులో, మైకు అందరికీ వినిపిస్తోందని తెలియక, జాతి దూషణ పదం వాడాడు. నాస్కార్ సస్పెండ్ చేసింది, అతని టీమ్ ఉద్యోగంలోంచి తీసేసింది. మళ్ళీ అవకాశం దొరికాక 2021లో అతనే నాస్కార్ అగ్రశ్రేణి పోటీ అయిన కప్ సిరీస్‌లో ఛాంపియన్ అయ్యాడు గానీ, ఆటే కదా అని నోరు జారితే ఎంతదూరం పోతుందో ఆ రెండు వారాల్లోనే అందరికీ తెలిసొచ్చింది.

మామూలు రేసుల్లో జరిగేది ఇంతకన్నా చిన్నదే, కానీ రోజూ జరుగుతుంది. గోడకి కొట్టుకున్న మనిషి మైకులో తిట్లు మొదలుపెడతాడు, ఆ శబ్దంలో చుట్టూ ఏ కారు ఎక్కడుందో చెప్పే స్పాటర్ మాట ఎవరికీ వినపడదు, ఇంకో ప్రమాదం జరుగుతుంది. అంతకన్నా ఘోరం ప్రతీకారం: పాడైన కారుతో ట్రాకు మీదే కాచుక్కూచుని, గుద్దినవాడు రాగానే కుడి వెనక మూల పట్టి గోడకేసి తిప్పడం. అసలు రేసుల్లో కార్లని అత్యంత ప్రమాదకరంగా గోడలోకి పంపే దెబ్బ అది. ఆ దెబ్బ కొట్టినందుకే నాస్కార్ 2022లో వాలస్‌ని, 2023లో చేజ్ ఇలియట్‌ని ఒక్కో రేసు చొప్పున సస్పెండ్ చేసింది. ఆన్‌లైన్‌లో ఎముకలు విరగవు, అయినా అవతలివాడి సాయంత్రం పోతుంది.

దానికి బదులు చెయ్యాల్సింది రీప్లే దాచుకుని ప్రొటెస్ట్, అంటే నిర్వాహకులకి ఫిర్యాదు, వెయ్యడం. అదీ కోపం చల్లారాక, అవతలివాడి కెమెరా నుంచి కూడా ఒకసారి చూశాక. సగం ప్రొటెస్టులు ఆ రెండో చూపుతోనే అక్కర్లేకుండా పోతాయని నాకనిపిస్తుంది. మన తప్పయితే "సారీ, నాదే" అని ఒక్క ముక్క చెబితే చాలు, పొడుగాటి సంజాయిషీ ఎవరూ వినరు.

చివరి ల్యాపులు

ఇంత చెప్పాక, ఓపికంటే ఎప్పుడూ వెనకే ఉండడమని అనుకునే ప్రమాదముంది. చివరి ఐదు ల్యాపుల్లోనూ దారిస్తూ పోయేవాడు రేసు చేస్తున్నట్టు కాదు. అక్కడ తలుపు మూసెయ్యడం, అంటే వెనకవాడికి దారివ్వకపోవడం, న్యాయం, అదీ ఒకసారి, ముందుగా. వెనకవాడు ఎటు కదిలితే అటు కదులుతూ పోతే అది బ్లాకింగ్, దానికి ఐరేసింగ్ నియమావళిలోనే నిషేధముంది. 1979 డేటోనా 500 చివరి ల్యాప్‌లో డానీ ఆలిసన్, కేల్ యార్‌బరో ఒకరికొకరు వదలక గోడకి పోయి గడ్డిలో ఆగారు. ఎంతో వెనక మూడో స్థానంలో ఉన్న రిచర్డ్ పెట్టీ వచ్చి గెలుచుకుపోయాడు.

మార్టిన్స్‌విల్, రిచ్‌మండ్ లాంటి చిన్న ట్రాకుల్లో చివరి మలుపు దగ్గర మరో సంప్రదాయముంది, బంప్ అండ్ రన్. వెనకనుంచి మెల్లిగా తట్టి, ముందువాణ్ణి ఒక లైను పైకి జరిపి, లోపలినుంచి దాటడం. తట్టు తిన్నవాడు ఒక స్థానం పోగొట్టుకుని రేసు ముగిస్తే చాలామంది ఒప్పుకుంటారు. గోడకి పోతే ఒప్పుకోరు. గీత ఎక్కడుందన్నది అసలు నాస్కార్‌లోనే తెగని వాదన. 2024 ఆగస్టులో రిచ్‌మండ్ చివరి మలుపుల్లో ఆస్టిన్ డిలన్ ముందున్న జోయీ లొగానోని, ఆ వెంటనే డెన్నీ హామ్లిన్‌ని గుద్ది గెలిచాడు. నాస్కార్ గెలుపుని అలాగే ఉంచి, దానితో అప్పట్లో వచ్చే ప్లేఆఫ్ (సీజన్ చివర ఛాంపియన్‌ని తేల్చే రేసుల) అర్హతని తీసేసింది. అప్పీలు చేసినా ఆ అర్హత తిరిగి రాలేదు. ఒకే సభ్యులు వారంవారం కలిసి ఆడే లీగుల్లో స్టీవార్డులు (తప్పొప్పులు తేల్చే నిర్వాహకులు) అచ్చం ఇదే చిక్కుతో తలపడతారు: ట్రోఫీ వెనక్కి తీసుకోవాలా, పాయింట్లు కొయ్యాలా, వచ్చే వారం చివరి వరసలో నిలబెట్టాలా. సీజన్ మొదలయ్యేముందే ఆ గీతని నియమాల్లో రాసిపెట్టుకున్న లీగుల్లో ఈ పంచాయితీలు త్వరగా తెగుతాయి.